వాడకట్టు ముచ్చట్లు – 31: రెండో మెకానిక్

డాక్టరు ఆపరేషన్ అనంగనే మన ఇండ్లల్ల ఏం చేస్తరు? ఇంకో డాక్టరు దగ్గరికి పోతరు. కాయితాలన్నీ కవర్ల పెట్టుకొని కరీంనగర్ పోతరు, వరంగల్ పోతరు, చేతనైతే హైదరాబాద్ నిమ్స్ దాక పోతరు. పానం మీది ముచ్చట కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. అదే మెకానిక్ "ఇంజన్ల పెద్ద పని ఉంది, లక్ష దాటుతది" అంటే మాత్రం ఇంకొకల దగ్గరికి పోం. బీరువ తాళం తీస్తం. బంగారం బ్యాంకుకు తీస్కపోతం.

ఎందుకిట్ల అని చానా రోజుల సంది ఆలోచిస్తున్న. నాకు తోచింది ఇది. రోగం మన ఇండ్లకు పాతది. దాని గురించి ముసలోళ్లకు నాలుగు మాటలు తెలుసు. ఏ డాక్టరు ఊకె కోస్తడో, ఎవరు గోలీలతోని నయం చేస్తడో వాడకట్టంత చెప్పుకుంటది. బండి మాత్రం కొత్తది. దాని గురించి నాలుగు మాటలు చెప్పే ముసలోడు మన ఇంట్ల లేడు.

పటేండ్ల ఇండ్లల్ల చూడండి. బండి ఆగిందంటే ఒక మేనమామ ఉంటడు. ఆయనకు నలభై ఏండ్ల కింద ట్రాక్టర్ ఉండె, ముప్పై ఏండ్ల కింద లారీ ఉండె. "ఆగురా, పైసలు కట్టకు, ముందుగాల పలానోనికి చూపిద్దాం" అంటడు. గంతే. ఆ ఒక్క మాటకు ఒక్కోసారి లక్ష రూపాయలు మిగుల్తయ్. ఆస్తి అంటే భూమి, బంగారం, ఇల్లు అనే లెక్క వేస్తం. "ఆగు, ఇంకొకల్ని అడుగుదాం" అని చెప్పే మేనమామ కూడ ఆస్తే. ఆ ఆస్తి మనకు వారసత్వంగ రాలే. కాబట్టి మనమే సంపాయించాలె. ఇయ్యాల్టి ముచ్చట దాని గురించే.

2021ల దళితబంధు వచ్చింది. హుజూరాబాద్ నియోజకవర్గంల పెద్ద ఎత్తున మొదలుపెట్టిండ్రు. ఇంటికి 10 లక్షలు, తిరిగి కట్టే పని లేదు. ఆ పథకం వెనక ఎన్నికల లెక్క ఎంత, మన అవసరం ఎంత అన్నది వేరే చర్చ. నేను చెప్పేది బండ్ల గురించి. చానా ఇండ్లు బండ్లే తీసుకున్నయ్. కార్లు, ట్రాక్టర్లు, గూడ్స్ ఆటోలు. కారణం ఉంది. మన పొలగాండ్లకు చేతిల ఉన్న విద్య డ్రైవరీ. పదేండ్లు మంది బండ్లు తోలినోళ్లకు సొంత స్టీరింగ్ పట్టుకునే అవకాశం అదొక్కటే.

మా చిన్నమ్మ కొడుకు అట్లనే ఒక ఏడు సీట్ల డీజిల్ బండి తీసుకున్నడు. ధర 10 లక్షలు దాటింది. మిగిలింది ఫైనాన్సు. నెలకు 7,800 కిస్తు. పొద్దున బడి పిల్లలు, పగటీలి ఆసుపత్రి కిరాయిలు, పెండ్లిండ్ల దినాలల్ల వేములవాడ, యాదగిరిగుట్ట. బండి 1,34,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ వారంటీ కిలోమీటర్ల లెక్కల ఎప్పుడో అయిపోయింది.

అటువంటి బండి ఒక దినం గుంజుడు బంద్ చేసింది. చదును రోడ్డు మీద పోతది, ఎత్తు వచ్చిందంటే దమ్ము లేదు. యాక్సిలరేటర్ గట్టిగ తొక్కితే ముంగట్నుంచి "ఉస్" మని సప్పుడు. మీటర్ బోర్డుల పసుపు రంగు ఇంజన్ లైటు. మైలేజ్ పడిపోయింది. రోడ్డు మీద ఉన్న ఒక పెద్ద వర్క్‌షాపుకు తీస్కపోయిండు. వాళ్లు స్కానర్ పెట్టిండ్రు, పావుగంటల తేల్చిండ్రు. టర్బో పోయింది, అసెంబ్లీ మొత్తం మార్చాలె, అన్నీ కలిపి 1,26,400.

వాడు నాకు ఫోన్ చేసినప్పుడు బండి గురించి ఒక్క ముక్క మాట్లాడలే. "అక్కా, అమ్మ గొలుసు ఎన్ని తులాలు ఉంటది?" అన్నడు.

వాని భయం నాకు అర్థమైంది. ఆ భయం పైసలది ఒక్కటే కాదు. ఊర్ల దళితబంధు బండి ఆగిందంటే అది ఒక్క బండి ఆగుడు కాదు. కచేరీ కాడ కూసున్నోళ్లకు అది సాక్ష్యం. "ఇస్తే మాత్రం నిలుపుకుంటరా?" అనే మాట నాలుక చివర్ల పెట్టుకొని ఉంటరు. పటేల్ కొడుకు బండి షెడ్డుల నెల రోజులుంటే అది బండి రోగం. మనోని బండి మూడు దినాలుంటే అది మన కులం రోగం. అందుకే వాడు తొందరపడ్డడు. ఎంతైన కట్టి, రేపటి వరకు బండి ఊర్ల తిరగాలె. ఈ తొందరనే వర్క్‌షాపులకు పెట్టుబడి.

నేను పోయిన. నాకు కారు తోలరాదు. స్పానర్ సైజులు తెల్వయి. కానీ ఆఫీసర్ల ముంగట నిలబడి "ఏ ఉత్తర్వు ప్రకారం?" అని అడుగుడు ఇరవై ఏండ్ల సంది నా పని. సర్వీస్ అడ్వైజర్ను గవే అడిగిన.

"టర్బో పోయిందని ఎట్ల తెలిసింది?"

"కంప్యూటర్ల వచ్చింది మేడం."

"ఏమొచ్చింది, చూపియ్యి."

ప్రింట్ ఇచ్చిండు. పి0299 అని కోడ్. దాని పక్కన ఇంగ్లీషుల ఉన్నదానికి తెలుగుల అర్థం ఇంతే: టర్బో పంపే గాలి ఒత్తిడి ఉండాల్సినంత లేదు. తక్కువున్నదని రాసుంది. ఎందుకు తక్కువున్నదో రాసి లేదు. టర్బో పోయిందని అసలే లేదు.

"పైపులు విప్పి చూసిండ్రా?"

"మార్చేటప్పుడు విప్పుతం మేడం."

"పాత టర్బో మా చేతికి ఇస్తరా?"

దానికి జవాబు రాలే. వేరే మాట వచ్చింది. "వెనక అద్దం మీద స్టిక్కర్ ఉన్నది గదా మేడం, దళితబంధు బండే గదా. ఊకెనే వచ్చిన బండి. దాని మీద ఒక లక్ష పెట్టుకుంటే ఏమైతది?"

నేను అన్న: "బండి ఊకెనే వచ్చిందనుకో తమ్మీ. 1,34,000 కిలోమీటర్లు కూడ ఊకెనే వచ్చినయా? రాత్రి ఒంటిగంటకు కాన్పు నొప్పుల మనిషిని ఎక్కించుకపోయినోడు మావోడే. చెక్ చేసినందుకు ఎంత అయితదో బిల్లు రాయి. ఎస్టిమేట్ కాయితం ఇయ్యి. బండి తీస్కపోతం."

చెకింగ్ చార్జి 500, జీఎస్టీతోని 590. కట్టినం. రసీదు తీసుకున్నం. ఆ 590 దండుగ అని తమ్ముడు గొణిగిండు. నా లెక్కల ఆ కాయితం ధర అది.

హుజూరాబాద్ నుంచి జమ్మికుంట దిక్కు పోయే తొవ్వల రేకుల షెడ్డు ఉన్న ఒక ఉస్తాద్ ఉన్నడు. ముప్పై ఏండ్ల సంది డీజిల్ ఇంజన్లే ఆయన లోకం. బయల్దేరే ముందు ఫోన్ చేస్తే ఆయన మూడు ప్రశ్నలు అడిగిండు. నీలం పొగ వస్తున్నదా? ఇంజన్ ఆయిల్ తగ్గుతున్నదా? ఇనుము ఇనుము రాసుకున్నట్టు సప్పుడు ఉన్నదా? మూడింటికీ లేదన్నం. "మెల్లగ తోలుకరా బేటా. ఆయిల్ లైటు వెలిగితే మాత్రం ఆడనే ఆపు" అన్నడు. ఆ మూడింట్ల ఏది ఉన్నా తోలొద్దు. టర్బో నిజంగనే విరుగుతుంటే తోలుడు ఇంజన్‌కే ప్రమాదం. అప్పుడు బండిని కట్టి గుంజకపోవాలె.

తొవ్వల తమ్మునికి ఒక్కటే చెప్పిన. "వర్క్‌షాపోళ్లు ఏమన్నరో నోరు తెరవకు. బండి ఏం చేస్తున్నదో అదే చెప్పు." ఎందుకంటే మొదటాయన మాట చెవిన పడ్డంక రెండో ఆయన చూపు కూడ అటే పోతది. టర్బో అంటే టర్బోనే చూస్తడు. లేకుంటే మొదటాయన మీద గెలుద్దామని కావాల్నని ఇంకోటి చెప్తడు. రెండూ మనకు పనికిరావు. మనకు కావాల్సింది కొత్త కండ్లు.

ఉస్తాద్ ఏం చేసిండో వివరంగ చెప్తున్న, ఎందుకంటే పని ఎట్ల నడుస్తదో తెలిస్తేనే ఎక్కడ అడగాల్నో తెలుస్తది. ఇంజన్ నుంచి బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతది. అదే ఇరుసు మీద రెండో దిక్కు ఇంకో చక్రం ఉంటది, అది గాలిని పీల్చి ఒత్తిపెట్టి ఇంజన్‌లకు తోస్తది. ఆ రెండు చక్రాల డబ్బానే టర్బో. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతది. ఒత్తిన గాలి వేడెక్కుతది కాబట్టి ముంగట జాలి లాంటి ఇంటర్‌కూలర్ల చల్లబడి, అప్పుడు ఇంజన్‌లకు పోతది. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, ఆడ్నుంచి ఇంజన్‌కు గాలిని మోసేవి మందమైన రబ్బరు గొట్టాలు.

ఇప్పుడు లెక్క చూడండి. ఇంజన్ కాడ గాలి తక్కువ వస్తున్నది. టర్బో తిరగకపోతే తక్కువ వస్తది. టర్బో బాగనే తిరిగి, నడుమ గొట్టం చినిగితే కూడ తక్కువనే వస్తది. టర్బోను అదుపు చేసే సన్న వాక్యూమ్ పైపు పగిలినా, ఒత్తిడి కొలిచే సెన్సర్ మసి పట్టినా గట్లనే చూపిస్తది. కంప్యూటర్‌కు అన్నీ ఒక్కటే కోడ్. మిగిలింది మనిషి చెయ్యి, చెవి, కన్ను చెప్పాలె.

ఉస్తాద్ ముందుగాల టర్బో మూతికున్న గాలి పైపు విప్పి, చల్లగైన ఇరుసును వేళ్లతోని కదిలించిండు. సన్న కదలిక ఉంది, అంత ఉండాలె. రెక్కలు డబ్బాకు రాసుకున్న గుర్తు లేదు. పైపుల ఆయిల్ నిల్వ లేదు. "ఇది బాగుంది" అన్నడు. అది అన్నంకనే తమ్ముడు టర్బో ముచ్చట బయటపెట్టిండు. ఉస్తాద్ నవ్వలే, తిట్టలే. పైపు మళ్లీ బిగించి, సబ్బునీళ్లు తెచ్చి గొట్టాల మీద చల్లుమన్నడు. బండి స్టార్ట్ చేసి ఊకె నిలబెడితే ఏం లేదు. పిలగానితోని యాక్సిలరేటర్ తొక్కిచ్చిండు. ఇంటర్‌కూలర్ కింది దిక్కు, క్లాంపు పక్కన బుడగలు లేచినయ్. అద్దం పెట్టి చూస్తే రెండు అంగుళాల చీలిక. గొట్టం పక్కనున్న ఇనుప బ్రాకెట్‌కు రాసుకొని రాసుకొని తెగింది. నిలబడ్డప్పుడు ఆ చీలిక మూసుకునే ఉంటది. బరువు పడ్డప్పుడే నోరు తెరుస్తది.

గొట్టం 3,400. రెండు క్లాంపులు 300. కూలి 600. మొత్తం 4,300. బ్రాకెట్ అంచుకు రబ్బరు ముక్క చుట్టిండు మళ్ల రాసుకోకుంట. కోడ్ చెరిపి, మానకొండూరు దిక్కు ఒక అర్ధగంట ఆగకుంట తోలుకొని రమ్మన్నడు. గాలి తక్కువైన దినాలల్ల పొగగొట్టంలోని ఫిల్టర్ల మసి పేరుకుంటదట. ఆగకుంట పెద్ద రోడ్డు మీద తోలితే అది కాలిపోతదట. తోలినం. ఎత్తు మీద బండి గుంజింది. లైటు మళ్ల రాలే.

ఇంటికొచ్చినంక వర్క్‌షాపు ఎస్టిమేట్ మళ్ల తీసి చూసిన. పదకొండు వరుసలున్నయ్. టర్బో, గాస్కెట్లు, ఆయిల్, ఫిల్టర్, లేబర్. తొమ్మిదో వరుసల ఏమున్నదో తెలుసా? "హోస్ సెట్". అంటే ఆ చినిగిన గొట్టం కూడ మార్చేటోళ్లే. మార్చినంక బండి పరుగే పెట్టేది. మేము 1,26,400 కట్టి, "నిజమేరా, టర్బోనే పోయింది, మంచిగ చేసిండ్రు" అని దండం పెట్టి వచ్చేటోళ్లం. నయం చేసింది గొట్టం, పేరు టర్బోది, పైసలు మా చిన్నమ్మ గొలుసువి. తప్పు చికిత్స కూడ సరైన చికిత్స లెక్కనే కనబడే సందర్భం ఇది. అందుకే "బండి బాగైంది గదా" అన్నది సాక్ష్యం కాదు. పాత సామాను చేతిల పట్టుకొని చూసుడే సాక్ష్యం.

ఆ వర్క్‌షాపోళ్లు కావాల్నని దోచుకుంటున్నరని నేను అంటలేను. వాళ్ల మనసుల ఏమున్నదో నాకెందుకు? వాళ్ల పని పద్ధతి చూడండి చాలు. ముక్క రిపేరు చేస్తే గంటలు పడ్తయ్, బిల్లు చిన్నది. మొత్తం డబ్బా మారిస్తే తొందరగ అయితది, బిల్లు పెద్దది, మళ్ల వస్తదన్న భయం లేదు. ఎవ్వలూ దొంగలు కానవసరం లేకుంటనే పేదోని జేబు ఖాళీ అయ్యే పద్ధతి అది. మంచోళ్లు కూసున్నా కుర్చీ గట్లనే పని చేయిస్తది. ఈ సంగతి మనకు ఎవరూ చెప్పే పని లేదు, ఆఫీసులు చూసినోళ్లం.

మా అమ్మ మా తాత గురించి ఒక మాట చెప్పేది. ఊర్ల మోటలు నడిచిన కాలం. మోట బొక్కెనకు కింద తోలు తొండం ఉంటది, నీళ్లు దాంట్లకెళ్లి కాలువల పడ్తయ్. తొండం చినిగితే నీళ్లు సగం బాయిలనే కారిపోతయ్, మడికి అందవు. తొండాలు కుట్టుడు, అతుకులు వేసుడు మాదిగోళ్ల పని. నీళ్లు తక్కువ వస్తున్నయంటే పటేల్ "కొత్త తొండం కుట్టు" అనేటోడు, ఎందుకంటే తోలూ ఊకెనే, తాత కూలీ ఊకెనే. కల్లం కాడ ఇన్ని గింజలు వేస్తే వేసినట్టు. తాత మాత్రం ముందుగాల బొక్కెన నిండ నీళ్లతోని పైకి గుంజిచ్చేటోడట. ఖాళీ తొండం ఎంత చూసినా చినుగు కనబడది, బరువు పడ్డప్పుడే కనబడ్తదని అనేటోడట. ఆడ వేలు పెట్టి గుర్తు చేసుకొని, అంతే మేర అతుకు వేసేటోడు.

ఉస్తాద్ యాక్సిలరేటర్ తొక్కిచ్చినప్పుడు నాకు ఆ మాట యాదికొచ్చింది. చినుగు ఎక్కడున్నదో వెతికే విద్య మన ఇండ్లల్ల ఉండె. దాన్ని విద్య అనలే, అంటు అన్నరు. తోలు ముట్టిన చెయ్యి అని దూరం పెట్టిండ్రు. మోటలు పోయి కరెంటు మోటార్లు వచ్చినయ్, తాత చేతిల ఉన్నది తాతతోనే పోయింది. మోటార్ రిపేరు షాపు పెట్టేటందుకు పెట్టుబడి, సడక్ మీద జాగ ఇంకొకలకు ఉండె.

బండికి, మన గౌరవానికి ఉన్న సంబంధం అంబేద్కర్ కంటే బాగ ఎవరు చెప్పిండ్రు? "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"ల 1929 నాటి చాలీస్‌గావ్ సంగతి ఉంది. అంటరానోళ్ల మీద జరిగే అన్యాయాల విచారణకు బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీల సభ్యునిగ ఆయన తిరుగుతున్నడు. స్టేషన్ల దిగితే ఆయనను మహార్‌వాడకు తీస్కపోను టాంగావాలా ఒప్పుకోలే. వచ్చిన పెద్దమనిషి నడిచిపోతే తమకు నామోషీ అని వాడోళ్లు రాజీ చేసుకున్నరు. టాంగా కిరాయికిస్తడు, కానీ తోలడు. తోలుడు రాని ఒక మనిషి పగ్గాలు పట్టిండు. కల్వర్టు మీద టాంగా దెబ్బతిన్నది. అంబేద్కర్ రాళ్ల మీద పడి కాలు విరిగింది. గుర్రం, బండి వాగుల పడ్డయ్.

ఆ వాడోళ్ల ప్రేమకు ఏ లోటూ లేదు. పైసలు కూడ పెట్టిండ్రు. లేనిదల్లా తోలే విద్య. ఆ విద్య ఉన్నోడు రానన్నడు. 1929ల పగ్గాలు పట్టేటోడు మనకు లేడు. ఇయ్యాల స్టీరింగ్ మన పొలగాండ్ల చేతిల ఉన్నది, అది చిన్న సంగతి కాదు. ఇగ బానెట్ కింద ఏమున్నదో చెప్పేటోడు కావాలె. వాడు వచ్చే వరకు, ఒక్క నోటి మాట మీద పైసలు కట్టకుండుడు మన రక్షణ.

అట్లని మొదటి మెకానిక్ ఎప్పుడూ తప్పే అనుకోవద్దు. మా కాలనీల ఒక గూడ్స్ ఆటో ఉన్నది. క్లచ్ మొత్తం పోయిందని ఒకాయన చెప్తే ఇంకొకాయనకు చూపించినం. ఆయనా గదే అన్నడు, రేటు కూడ ఇంచుమించు గంతే. మొదటాయన దగ్గరనే చేయించినం. ఆ తిరుగుడు దండుగ అయిందా? కాలే. ఆ ఆటో తోలే అన్న ఆ రాత్రి నిద్రపోయిండు. కడుపుల అనుమానం పెట్టుకొని కట్టిన పైసలు వేరు, తెలిసి కట్టిన పైసలు వేరు.

బండ్లున్న మనోళ్లకు నేను చెప్పే పద్ధతి ఇది.

పెద్ద పని అన్నరంటే ఎస్టిమేట్ కాయితం మీద తీసుకోండి, సామాను ఎంత, కూలి ఎంత వేరువేరుగ. స్కానర్ పెడితే కోడ్ నంబర్ రాసుకోండి. కోడ్ రోగం పేరు కాదు, జ్వరం లెక్క. ఏ పరీక్ష చేసి తేల్చిండ్రో అడగండి.

విప్పక ముందే అడగండి: విప్పి చూసుటానికి ఎంత, ఆడ చేయించకపోతే మళ్ల బిగించుటానికి ఎంత? 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, చేసిన పనికి పైసలు వచ్చేదాక బండిని తన దగ్గర పెట్టుకునే హక్కు రిపేరు చేసినోనికి ఉన్నది. అందుకే జాబ్‌కార్డ్ మీద సంతకం పెట్టే ముందే ఈ ముచ్చట తేలాలె.

రెండో ఆయనకు మొదటాయన మాట చెప్పొద్దు. బండి చేసేది చెప్పండి. ఇద్దరూ ఒకరికొకరు సామాన్లు అమ్ముకునేటోళ్లు కాకుంట చూసుకోండి.

పాత సామాను చేతికిస్తరా అని ముందే అడగండి. కొన్ని సామాన్లు పాతది తీసుకొని రేటు తగ్గించి ఇస్తరు, అది న్యాయమే. అప్పుడు కనీసం విప్పినంక కండ్లతోని చూస్తమని చెప్పండి.

బిల్లు లేకుంట పైసలు ఇయ్యకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇయ్యకపోవుడు కూడ అన్యాయమైన వ్యాపార పద్ధతే. "నీది టాక్సీ, కమర్షియల్ బండి, నీకు ఆ చట్టం వర్తించది" అని బెదిరిస్తరు. బతుకుదెరువు కోసం సొంతంగ కొని నడుపుకునేది వ్యాపార అవసరం కిందికి రాదని ఆ చట్టం సెక్షన్ 2(7) వివరణలనే ఉన్నది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్ల ఫిర్యాదుకు ఫీజు లేదు. వకీలు లేకుంట మనమే పోయి చెప్పుకోవచ్చు. రెండేండ్ల లోపు వేయాలె. ఫోన్ల చెప్పుకోవాల్నంటే 1915.

యూనివర్సిటీల చదివే తమ్ముళ్లూ చెల్లెండ్లూ, ఆ కోడ్ ముచ్చట మీరు యాది పెట్టుకోండి. గాలి తక్కువ వస్తున్నదని కాయితం మీద పడంగనే "టర్బో పోయింది" అనేటోళ్లు క్యాంపస్‌ల కూడ ఉన్నరు. మార్కులు తక్కువ, అటెండెన్స్ తక్కువ, ఇంగ్లీషు తక్కువ. తక్కువున్నది నిజమే ఉండొచ్చు. ఎందుకు తక్కువున్నదో పైపు విప్పి ఎవరూ చూడరు. స్కాలర్‌షిప్ ఆగిందా, హాస్టల్ల తిండి సక్కగుందా, గైడ్ ఆరు నెలల సంది పేపర్ చదివిండా? చీలిక ఉండేది గా నడుమల. ఒక్క గైడ్ "నీతోని కాదు" అంటే అది ఒక్క మెకానిక్ మాట. ఇంకొకలకు చూపించకుంట మిమ్మల్ని మీరు తీసి పారేసుకోకండి.

ఆఖరుకు పని ముచ్చట. మా మండలంల దళితబంధు బండ్లున్నోళ్లం ముప్పై నలుగురం ఇప్పుడు ఒక కాపీ బుక్కు పెట్టినం. దాంట్ల ఏ బండికి ఏ రోగం వచ్చింది, మొదటాయన ఏమన్నడు, రెండో ఆయన ఏమన్నడు, ఆఖరుకు ఏం తేలింది, ఎంత అయింది, అన్నీ రాస్తున్నం. నెలకు తలా వంద జమ చేస్తున్నం. బండి ఆగినోనికి ఇంకో దగ్గర చూపించే ఖర్చు, గుంజకపోయే ఖర్చు దాంట్లకెళ్లి. రెండో మాట అడిగేందుకు రెండు దినాల ఓపిక కావాలె. ఆ రెండు దినాలు కిస్తు, కిరాయి ఆగితే తట్టుకునే బలం ఒక్కనికి ఉండది, ముప్పై నలుగురికి ఉంటది.

తమ్ముడు తన పెద్ద కొడుకును ఐటీఐల మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడుల చేర్పిస్తనంటున్నడు. రెండేండ్ల కోర్సు. పిలగాడు డిగ్రీ చేస్త అంటున్నడు. అది వాని ఇష్టం, వానిమీద నేను జబర్దస్తీ చేయనియ్య. కానీ మన వాడకట్టులకెళ్లి ఎవరో ఒకరు ఆ షెడ్డు తెరవాలె. మన పిల్లలకు ఆస్తి ఏమిస్తున్నమని ఎవరన్న అడిగితే, ఆ కాపీ బుక్కు కూడ లెక్కల చెప్పుకునే దినం రావాలె. మీ ఊర్ల కూడ ఒకటి మొదలుపెట్టండి. అరవై పేజీల నోటుబుక్కు, ఒక పెన్ను చాలు.

జై భీమ్.